బలుపును చూసి వాపు అనుకోకండి

ఉప్పల్ భగాయత్ రోడ్ల మీద తెల్లవారుజామున పరుగు సాధన చేసేవాళ్లకు ఇప్పుడు రెండు సలహాలు అడక్కుండానే దొరుకుతున్నాయి. గంటలకొద్దీ పరుగెత్తితే ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, పెరిగి మనిషి లోపల్నుంచి గుల్లవుతాడు, మానేయమన్నది ఒకటి. మానలేకపోతే బయల్దేరే ముందే ఒక నొప్పి గోలీ వేసుకోమన్నది రెండోది. రెండూ తప్పే. ఇన్‌ఫ్లమేషన్ ఎక్కడ కనబడినా రోగమేనన్న నమ్మకంలోంచే రెండూ పుట్టాయి.

భయపెట్టేవాళ్లు ముందు పెట్టే సాక్ష్యం రక్తపరీక్ష. ఆదివారం మూడు గంటలు పరుగెత్తి, సోమవారం పొద్దున నాచారంలో ఏ ల్యాబులోనైనా రక్తం ఇచ్చి చూడండి. ఇన్‌ఫ్లమేషన్‌కు సూచికైన సీఆర్‌పీ పెరిగి ఉంటుంది. కండరాల నుంచి రక్తంలోకి వచ్చే సీకే ఎంజైము హద్దు దాటి ఉంటుంది. ఆ అంకెలు నిజమే. కానీ అవి ముందురోజు చేసిన శ్రమకు లెక్క. కొన్నాళ్లు ఆగి మళ్లీ చేయిస్తే మామూలు స్థాయికి వచ్చేస్తాయి.

ఇన్‌ఫ్లమేషన్ సూచికగా చూసే ఐఎల్-6 అనే ప్రోటీన్ కూడా మారథాన్ పరుగెత్తినవాళ్లలో వంద రెట్ల దాకా పెరగవచ్చు. అందులో ఎక్కువ భాగం పనిచేస్తున్న కండరమే విడుదల చేస్తుందని కోపెన్‌హేగెన్‌లో పరిశోధకురాలు బెంటె క్లార్లుండ్ పెడర్సన్ బృందం చూపింది. దాని వెనకాలే ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచే ఐఎల్-10 కూడా పెరుగుతుంది. 2003లో ఆ బృందం ఆరోగ్యవంతులకు బాక్టీరియా విషాన్ని అతి తక్కువ మోతాదులో ఎక్కించి చూసింది. ఊరికే కూర్చున్నప్పుడు ఇన్‌ఫ్లమేషన్‌ను రాజేసే టీఎన్‌ఎఫ్ బాగా పెరిగింది. మూడు గంటలు సైకిలు తొక్కినప్పుడు ఆ పెరుగుదల అణిగిపోయింది. సుదీర్ఘ శ్రమ శరీరానికి నిప్పు పెట్టేదే అయితే ఇలా జరగదు.

నిజంగా భయపడాల్సింది నెలలు, ఏళ్ల తరబడి తగ్గకుండా సన్నగా సాగే ఇన్‌ఫ్లమేషన్‌కు. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు దాన్ని పోషిస్తుంది. షుగరుకూ గుండెజబ్బుకూ అది దారి తీస్తుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగి, రోజంతా కుర్చీలో గడిపి తిరిగొచ్చే మనిషిని ఎవరూ హెచ్చరించరు. పరుగెత్తే మనిషిని మాత్రం అందరూ ఆపుతారు.

ఇక గోలీ సంగతి. అమెరికాలో 160 కిలోమీటర్ల వెస్టర్న్ స్టేట్స్ పరుగులో ఐబుప్రోఫెన్ వేసుకున్నవాళ్లకు నొప్పులు తగ్గలేదు సరికదా, ఇన్‌ఫ్లమేషన్ సూచికలు ఎక్కువగా కనబడ్డాయని 2006లో తేలింది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ గోలీ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని కూడా తగ్గిస్తుంది. ఆగస్టు ఉక్కలో హైదరాబాద్ మారథాన్‌కు దిగేవాళ్లు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోవాలి.

హద్దుల్లేవని నేను అనను. సాధన లేకుండా ఒక్కసారిగా దూరం పెంచడం, జ్వరంతో పరుగెత్తడం ప్రమాదమే. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆస్పత్రికి పోవాలి. అందరూ మారథాన్లు పరుగెత్తనక్కర్లేదు కూడా. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

కాబట్టి రిపోర్టు చూసే డాక్టరు ముందుగా "నిన్న ఏం చేశారు?" అని అడగాలి. పరుగుకు ముందు వేసుకోవడానికని గోలీ అడిగితే మెడికల్ షాపువాళ్లు ఇవ్వకూడదు. పరుగెత్తేవాళ్లు సుదీర్ఘ పరుగు తర్వాత ఒంటికి విశ్రాంతి, తిండి, నిద్ర ఇవ్వాలి. మరమ్మతు శరీరమే చేసుకుంటుంది.