లైట్ వైన్ అంటే లైట్ మత్తు కాదు

విదేశాల్లో ఉన్న మన పిల్లలు కొందరు మాకు వైన్ పాఠం చెబుతున్నారు. ఫ్రాన్సులోని బోజొలే రెడ్ వైన్ 'లైట్' అట, కాబట్టి తప్పులేదట!

గామే అనే ద్రాక్షతో చేసే ఆ వైన్ రంగు పలచన, వగరు తక్కువ, చెర్రీ పండ్ల వాసన. కాస్త చల్లబరచి తాగుతారు. 'లైట్' అన్నది నోటికి తగిలే బరువును బట్టి వచ్చిన మాట. ఆల్కహాల్ మాత్రం 12, 13 శాతం ఉంటుంది. మన బెల్టు షాపులో స్ట్రాంగ్ అని అమ్మే బీరుకన్నా ఎక్కువ.

బర్గండీలో వూజో తోటను సిస్టర్సియన్ సన్యాసులే పెంచారు కదా అంటారు. పెంచారు. వాళ్ల చెమట మన గ్లాసుకు లైసెన్సా?

రుచి తెలియడం పాపమని మేము అనం. వైన్ రుచి చూసేవారు ముందు చూసేది గ్లాసులోని ఎరుపునే. సామెతలు 23వ అధ్యాయం హెచ్చరించేదీ ఆ ఎరుపు గురించే. తాగుడు మానిన తండ్రి ముందు, పోయిన క్రిస్మస్‌కు, ఒక కొడుకు ఆ సీసా పెట్టి "లైటే నాన్నా, ఒక్క గుక్క" అన్నాడు. ఆ తండ్రి తరువాత నాలుగు ఆదివారాలు మందిరానికి రాలేదు.