డిస్కు మీద తుప్పుకు భయపడకండి, డిస్కు వెనక తుప్పును వదలకండి

వానలు పడుతున్నాయి కదా. పొద్దున్నే కారు తీద్దామని వెళ్తే చక్రం సందుల్లోంచి బ్రేకు డిస్కు ఇటుక రంగులో కనపడుతుంది. మనోళ్లకు గుండె ఆగినంత పని. వెంటనే టౌనుకు తీసుకుపోవడం, అక్కడ "డిస్కులు పోయినయ్ సార్, రెండూ మార్చాలి" అనిపించుకోవడం, వేలకు వేలు కట్టి రావడం. మూడు నెలలు తిరిగేసరికి బ్రేకు తొక్కితే స్టీరింగు మళ్లీ వణుకుతుంది. ఈ తంతు మా చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి జరిగింది. అందుకే నాకు తోచింది, తెలిసింది రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

డిస్కు అంటే పోత ఇనుము. రంగు లేదు, నూనె లేదు, ఒట్టి ఇనుము. రాత్రి వాన తడిస్తే తెల్లారేసరికి తుప్పు పట్టకపోతేనే ఆశ్చర్యపోవాలి. మన నాగలి కర్రు చూడండి. దున్నుతున్నన్నాళ్లూ అద్దంలా ఉంటుంది, పాకలో పడేస్తే వారానికే ఎర్రబడుతుంది. డిస్కు కూడా అంతే. ప్యాడ్లు రుద్దుకుంటూ ఉంటే శుభ్రంగా ఉంటుంది. ఒక రాత్రి తుప్పు నాలుగైదు బ్రేకులకు పోతుంది. పది పదిహేను రోజులు నిలబెట్టిన బండైతే ఖాళీ రోడ్డు చూసుకుని, వెనక ఎవరూ లేనప్పుడు, యాభై స్పీడు నుంచి పదిహేనుకు వచ్చేదాకా మెల్లగా ఓ ఎనిమిది పదిసార్లు తొక్కండి. గరగర శబ్దం తగ్గిపోతుంది. దీనికి డిస్కులు మార్చమన్నవాడు మీ జేబు చూసి మాట్లాడుతున్నట్టే.

ఇంకో సంగతి, ఇది మన రైతులకే ఉన్న ప్రమాదం. రోటావేటరు బ్లేడ్లకు, నాగలికి సీజను అయిపోగానే కాలిన ఆయిలు పూసి పెడతాం. మంచి అలవాటే. ఆ చేత్తోనే కారు డిస్కుకు కూడా డీజిలో, ఆయిలో, తుప్పు వదిలించే స్ప్రేయో కొట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఆయిలు పడిన డిస్కును ప్యాడు పట్టుకోలేదు, జారిపోతుంది. ఒక చక్రం పట్టి ఇంకో చక్రం పట్టకపోతే బండి పక్కకు లాగేస్తుంది. మన కాలవ గట్టు రోడ్ల మీద పక్కకు లాగితే ఎక్కడికి పోతామో చెప్పక్కర్లేదు. పొరపాటున పడితే డిస్కును బ్రేకు క్లీనరుతో కడగాలి. ప్యాడ్లు ఆయిలు పీల్చుకుంటే మాత్రం కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

ఇక అసలు విషయానికొస్తా. డిస్కు వెళ్లి కూర్చునే చోటును హబ్బు అంటారు. ఆ రెంటి మధ్య పట్టే తుప్పు బయటికి కనపడదు. మందంగా పొరలు పొరలుగా పేరుకుంటుంది. కొత్త డిస్కు వేసేటప్పుడు ఆ పొర తీయకుండా అలాగే బిగిస్తే డిస్కు తిన్నగా కూర్చోదు, ఒక పక్కకు ఒరుగుతుంది. ఎంత ఒరుగుతుందో లెక్క వేద్దాం. హబ్బు అడ్డంగా 14 సెంటీమీటర్లు, డిస్కు 25 సెంటీమీటర్లు అనుకోండి. హబ్బుకు ఒక అంచున 0.05 మిల్లీమీటరు తుప్పు, అంటే మనం రాసుకునే కాగితంలో సగం మందం, ఉంటే చాలు. డిస్కు అంచు దగ్గరికొచ్చేసరికి ఆ వంకర దాదాపు 0.09 మిల్లీమీటరు అవుతుంది. చాలా కార్లకు కంపెనీ ఒప్పుకునే వంకరే 0.05 నుంచి 0.10 లోపు. అంటే కొత్త డిస్కు వేసిన రోజే గీత దగ్గర నిలబడ్డట్టు.

మొదట్లో తేడా తెలియదు. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ ఒరిగిన చోటు ప్యాడుకు తగిలి తగిలి అక్కడే అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లకు డిస్కు ఒకచోట పలచగా, ఒకచోట మందంగా తయారవుతుంది. అప్పుడు మొదలవుతుంది పెడలు కొట్టుకోవడం. "డిస్కు వంగింది, కంపెనీ మాల్ కాదు, మళ్లీ మార్చాలి" అంటారు. డిస్కు చేసిన పాపం ఏమీ లేదండి. కింద తుప్పు తుడవకపోవడమే. పది నిమిషాల పని ఎగ్గొట్టి మన చేత రెండోసారి డిస్కులు కొనిపిస్తున్నారు. కోపం వచ్చేది నాకు ఇక్కడే.

పని పెద్దదేం కాదు. బండిని జాకీ మీద మాత్రమే ఉంచి చెయ్యి పెట్టకండి, ఇటుకలు అసలే వద్దు, పగిలిపోతాయి. గట్టి స్టాండు పెట్టాలి. కాలిపరు ఊడదీశాక దాన్ని బ్రేకు పైపుకు వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. డిస్కు హబ్బుకు అతుక్కుపోతే సుత్తితో బాదేస్తారు మనోళ్లు. ముందు డిస్కు టోపీ భాగం చూడండి, చాలావాటికి మరలున్న రెండు చిల్లులు ఉంటాయి. వాటిలో సరిపడే బోల్టులు మార్చి మార్చి బిగిస్తే డిస్కు తనంతట తనే బయటికొస్తుంది. తర్వాత హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో, ఉప్పు కాగితంతో ఇనుము కనపడేదాకా తుడవాలి. బోల్టుల మొదళ్ల చుట్టూ ఎక్కువ తుప్పు దాక్కుంటుంది, అక్కడ ఓపిక కావాలి. డిస్కు లోపలి ముఖం కూడా అలాగే. అంతా అయ్యాక హబ్బు మధ్యలో ఉబ్బుగా ఉండే అంచుకు పట్టుకోకుండా ఉండే పేస్టు పలచగా, వేలితో రాసినంత. చక్రం బోల్టులకు, నట్లకు రాయొద్దు, బిగింపు లెక్క తప్పుతుంది. నట్లు ఎదురెదురుగా బిగించి, యాభై వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూసుకోవాలి. ఆ దుమ్మును కంప్రెసరు గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత ప్యాడ్ల దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వెనిగరు, చింతపండు నీళ్లు తుప్పు తీస్తాయి, అబద్ధం కాదు. ఊడదీసిన డిస్కు వరకైతే నానబెట్టి, కడిగి, వెంటనే ఆరబెట్టుకోవచ్చు. హబ్బు మీద మాత్రం పోయొద్దు. అక్కడ బేరింగు ఉంటుంది, ఏబీఎస్ సెన్సారు ఉంటుంది.

మరి డిస్కు ఎప్పుడు మార్చాలి? గోరు తగిలేలా గుంటలు పడితే, పగుళ్లు వస్తే, కనీస మందం కంటే అరిగితే. ఆ అంకె చాలా డిస్కుల మీద పోత పోసే ఉంటుంది. బయటి ముఖం ఒక్కటే చూసి బాగుందనుకోకండి, బండి లోపలి వైపు ముఖం తరచుగా ఎక్కువ పాడవుతుంది. సెకండ్ హ్యాండు కారు కొనేవాళ్లు టార్చి వేసి అటు చూడండి. లేతు పట్టిద్దామంటారు కొందరు. పట్టించాక మందం మిగులుతుందా అని ముందు కొలిపించండి, లేకపోతే డబ్బులు కాలవలో వేసినట్టే.

తుప్పు రాకుండా అంటే పూర్తిగా ఆపలేం. తగ్గించుకోవచ్చు. పొటాష్ కట్టలు డిక్కీలో వేసుకొచ్చేవాళ్లు, చెరువు గట్ల మీద ఉప్పునీళ్లలో తిరిగేవాళ్లు చక్రాల లోపల మంచినీళ్లతో కడగాలి. పొటాష్ కూడా ఉప్పు జాతిదే, ఇనుమును తినేస్తుంది. కడిగాక అలాగే షెడ్లో పెట్టకండి. ఊరి చివరిదాకా వెళ్లి నాలుగు బ్రేకులు వేసి, ఆరాక పెట్టండి. కోతలప్పుడు కారు నెల రోజులు కదలదనుకుంటే హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయొద్దు, తడికి అతుక్కుపోతుంది. సమంగా ఉన్న చోట గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి. వారానికోసారి కాస్త తిప్పగలిగితే ఇంకా మంచిది. కొత్త డిస్కు కొంటే టోపీ భాగానికి, అంచుకు వేడికి తట్టుకునే రంగు వేయించుకోవచ్చు, ప్యాడు తగిలే చోట మాత్రం చుక్క పడకూడదు.

ఈసారి డిస్కులు మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. పాతది తీయగానే "హబ్బు తుడువు బాబూ, చూస్తా" అనండి. చిరాకు పడతారు, పడనివ్వండి, డబ్బులు మనవి. మీ వైపు ఒక్క హబ్బు తుడిచి డిస్కు తిన్నగా కూర్చోబెట్టడానికి ఎంత తీసుకుంటున్నారో కింద రాయండి, పక్క ఊరి వాళ్లకు పనికొస్తుంది.