స్పీడు సంగతి తర్వాత... ముందు ఒకటో కాలం!

అక్క పెళ్లి సంగీత్‌లో గిటార్ మీద ఒక పాట వాయిస్తానని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించేశా. చేతిలో 45 రోజులున్నాయి. నాలుగు కార్డ్స్ ఎలాగూ వచ్చు, ఇంకేం కావాలి అనుకున్నా. ఆఫీసు నుంచి రాగానే యూట్యూబ్‌లో పాట పెట్టుకోవడం, దాని స్పీడుతోనే రెండు గంటలు వాయించెయ్యడం. పదో రోజుకి ఎడమ మణికట్టు పట్టేసింది. ఆఫీసులో కంట్రోల్-సి నొక్కినా చురుక్కుమంటోంది. కోడ్ రాసే చేతులే కదా నాకు అన్నం పెట్టేది! నిజంగానే భయమేసింది.

పది రోజులు గిటార్ ముట్టుకోవద్దని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అమ్మ మాత్రం ఒక్క మాటంది: "సరళీ స్వరాలు రాకుండా కీర్తన ఎత్తుకుంటే ఇంతేరా!"

అమ్మ చిన్నప్పుడు సంగీతం నేర్చుకుంది. మాయామాళవగౌళలో అవే స్వరాలు, మూడు కాలాల్లో. ఒకటో కాలం కుదిరితేనే టీచరు రెండో కాలానికి పోనిచ్చేవారట. వెతికితే గిటార్‌కీ అలాంటి పాఠాలున్నాయి. మిగిలిన 25 రోజులూ వాటినే పట్టుకున్నా.

మొదటిది, 1-2-3-4. ఎడమచేతి చూపుడు వేలు 1, చిటికెన వేలు 4. ఐదో ఫ్రెట్ నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు ఒక్కో వేలికి ఒక్కో గడి. మొదటి ఫ్రెట్ దగ్గర గడులు వెడల్పుగా ఉంటాయి, కొత్తవాళ్ల వేళ్లు అందవు. అందుకే ఐదు నుంచి మొదలుపెట్టాలి. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఆరు తీగలు, మొత్తం 24 నోట్స్. ఫోన్‌లో మెట్రోనోమ్ యాప్ 60కి పెట్టి, బీట్‌కి ఒక్కటే నోటు. అంటే 24 సెకన్లు. వినడానికి బోర్ కదా? నాకు మొదటిరోజు ఒక్కసారి కూడా తప్పు లేకుండా రాలేదు. చిటికెన వేలు ప్రతిసారీ గాల్లోకి లేచిపోయేది. దాన్ని తీగకి దగ్గరగా ఉంచడమే ఇక్కడ అసలు పని.

రెండోది కుడిచేతి సంగతి. పిక్‌ను ఒకసారి కిందికి, ఒకసారి పైకి, మార్చి మార్చి కొట్టాలి. తీగకి నాలుగు నోట్స్ కాబట్టి ప్రతి కొత్త తీగా కిందికి కొట్టడంతోనే మొదలవ్వాలి. పైకి వచ్చిందంటే మధ్యలో ఎక్కడో తప్పారన్నమాట. బగ్ దొరికినట్టే! ఇది కుదిరాక 1-2-3 మాత్రమే వాయించి చూడండి. ఇప్పుడు రెండో తీగ పైకి కొట్టడంతో మొదలవుతుంది. అక్కడ తెలుస్తుంది అసలు కష్టం.

నా మణికట్టును కాపాడింది మాత్రం మూడోది. వేలిని తీగ మీద ఊరికే ఆనించి పిక్‌తో కొట్టండి, 'టక్' మంటుంది. కొంచెం కొంచెంగా బలం పెంచుతూ పోండి. స్వరం ఎక్కడ శుభ్రంగా పలికిందో అక్కడ ఆగండి. అంతే చాలు. వేలు ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని, దాని వెనకే ఉంటే ఇంకా తక్కువ బలం సరిపోతుంది. నేను అవసరానికి మించి ఎంత నొక్కుతున్నానో అప్పుడే అర్థమైంది.

వరుసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తేనే మెట్రోనోమ్ 5 పెంచాను. తప్పొస్తే మళ్లీ వెనక్కి. రోజుకి 15 నిమిషాలు, అంతకు మించి లేదు. మొదట్లో వేలి కొసలు మండటం మామూలే. మణికట్టు నొప్పి, తిమ్మిరి మాత్రం మామూలు కాదు. వెంటనే ఆపేయండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

సంగీత్ రోజున పాటను అసలు స్పీడు కన్నా బాగా తగ్గించి వాయించా. ఎవరూ కంప్లయింట్ చేయలేదు. అక్క పాడింది కూడా. ముందు వరసలో అమ్మ తొడ మీద తాళం వేస్తూ కనిపించింది. ఒకటో కాలమే!

ఈ రాత్రి రీల్స్ తెరిచే ముందు ఒక్క 24 సెకన్లు ప్రయత్నించండి. తప్పు లేకుండా వచ్చిందా?