అక్క అమెరికాలో ఉంటేనే కొండెక్కాలా?

ఆడపిల్ల కొండలెక్కుతానంటే ఇదివరకు ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న, "ఎవరితో వెళ్తావ్?" అని. ఇప్పుడు దానికి ఇంకోటి తోడైంది: "బూట్లకి అంత డబ్బా?" మొదటిదానికి అమ్మాయిలు ఎలాగో నచ్చజెప్పుకుంటున్నారు. రెండోదానికే నోరు పెగలడం లేదు. ఎందుకంటే ఆ ధర ఒక్క బూట్లది కాదు.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఆమె వెనక సాంఘిక సంక్షేమ గురుకులం నిలబడింది. మరి వెనక నిలబడేవాళ్లు లేని అమ్మాయి? తన సామాను తనే కొనుక్కోవాలి కదా!

ఒకటి రెండు రోజుల ట్రెక్కింగుకైతే మన దుకాణాల్లో దొరికేవి చాలు. హిమాలయాల్లో మంచు మీద నడవాలంటేనే చిక్కు. అంత గట్టి సామాను, అందులోనూ ఆడవాళ్ల కొలతలకి, ఇక్కడ దొరకడం కష్టం. "మగవాళ్ల బూట్లలో చిన్న సైజు తీసుకుంటే పోదా?" అంటారు. పోదు. ఆడవాళ్ల మడమ సాధారణంగా సన్నగా ఉంటుంది. ముందు బిగుతు, వెనక వదులు అయితే దిగేటప్పుడు పాదం జారి బొబ్బలెక్కుతుంది. వీపు పొడవుకీ నడుముకీ కుదరని బ్యాగు అయితే బరువంతా భుజాల మీదే. స్లీపింగ్ బ్యాగు మీద 'కంఫర్ట్', 'లిమిట్' అని రెండు ఉష్ణోగ్రతలు రాస్తారు. మొదటిది ఆడవాళ్లని, రెండోది మగవాళ్లని దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టేది. అది తెలియక కొంటే రాత్రంతా వణకాల్సిందే. ఇదేమీ సోకుల వ్యవహారం కాదు.

సరే, విదేశం నుంచి తెప్పించుకుందాం అనుకుంటే ఏమవుతుందో చూడండి. బూట్ల ధర 10,000 రూపాయలు, విమానంలో పంపే ఖర్చు 2,000 అనుకుందాం. సుంకం ఒక్క ధర మీదే వెయ్యరు. రవాణా ఖర్చూ, బీమా కూడా కలుపుతారు. బీమా సంగతి పక్కన పెడదాం. లెక్క సులువుగా ఉండటానికి సుంకం 10 శాతం అనుకుంటే 12,000 మీద 1,200. అక్కడితో అయిపోదు. ఆ 13,200 మీద మళ్లీ ఐజీఎస్టీ. అది 18 శాతమనుకుంటే ఇంకో 2,376. మొత్తం 15,576. అంటే పన్ను మీద కూడా పన్నే! కొరియర్ వాళ్ల చార్జీలు దీనికి అదనం. తీరా సైజు కుదరకపోతే తిరిగి పంపే ఖర్చు మనదే. కట్టిన సుంకం రాబట్టుకోవాలంటే కాగితాల వెంట తిరగాలి.

"గిఫ్ట్ అని రాయించి తెప్పించుకో" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ దారి 2019 డిసెంబరులోనే మూసేశారు. ప్రాణాధార మందులకీ, రాఖీకీ మాత్రమే మినహాయింపు. అన్నయ్యకి కట్టే రాఖీకి ఉంది, చెల్లెలు తొడుక్కునే బూట్లకి లేదు.

సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు 2026 బడ్జెట్‌లో చెప్పారు. సంతోషమే. కానీ అసలు తేడా అక్కడ లేదు. అవే బూట్లు డాలస్ నుంచి వచ్చే అక్క సూట్‌కేసులో వస్తే పైసా సుంకం లేదు! విదేశాల నుంచి వచ్చే మనవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను పరిమితి 2016 నిబంధనల ప్రకారం 50,000 రూపాయలు. 2026 ఫిబ్రవరిలో దాన్ని 75,000 చేశారు. అక్క చేత తెప్పించుకోవడం తప్పని నేననను. చట్టం ఇచ్చిన వెసులుబాటే అది. కానీ ఆ వెసులుబాటు ఎవరికి దక్కుతోంది? విమానం ఎక్కేవాళ్లకీ, వాళ్ల చుట్టాలకీ. అమెరికాలో అక్క, దుబాయ్‌లో బాబాయ్ లేని అమ్మాయి మాత్రం మొదటి రూపాయి నుంచీ పన్ను కట్టాలి.

"పన్ను తీసేస్తే మన పరిశ్రమలేమైపోవాలి?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ తయారయ్యే వస్తువుకి రక్షణ కావాలి. మన కొలతలకి తయారే కానప్పుడు ఆ సుంకం ఎవర్ని కాపాడుతున్నట్టు? మన కంపెనీలు ఆడవాళ్ల పాదాలు కొలిచి బూట్లు చేస్తే మొదట కొనేది మనమే. అంతవరకూ, సూట్‌కేసుకిచ్చిన మినహాయింపులో కొంతైనా, ఏడాదికొకసారైనా, పార్సిల్‌కీ ఇవ్వాలి.

ఈలోగా మనం చేయగలిగేవీ ఉన్నాయి. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలాంటి చోట్ల కోర్సులో చేరినవాళ్లకి సామాను వాళ్లే ఇస్తారు. మొదటిసారి వెళ్లే పిల్లకి అదే మేలు. కాలేజీలూ, ట్రెక్కింగ్ క్లబ్బులూ ఆడవాళ్ల సైజుల్లో నాలుగు జతలు కొని అద్దెకిస్తే ఎంతమందికో దారి దొరుకుతుంది. ఆర్డరు పెట్టక తప్పదంటే సాయంత్రం పూట, ఉన్ని మేజోళ్లు తొడుక్కుని పాదం కొలుచుకోండి. ధర, రవాణా, సుంకం, పన్ను మొత్తం ముందే కాగితం మీద వేసుకోండి.

అమ్మలకో మాట. ఒక్కరోజు కట్టి బీరువాలో పెట్టే పట్టుచీరకి బేరం కూడా ఆడనివాళ్లం, ప్రాణాన్ని కాపాడే బూట్ల దగ్గర పిల్లని నిలదీస్తున్నాం. నిలదీయాల్సింది దాన్ని కాదు. ఈ లెక్కంతా ఒక ఉత్తరంలో రాసి మీ ఎంపీకి పంపండి. పిల్లని మాత్రం వెళ్లనివ్వండి.