కాగితం చాటు గోడ

ఇంగ్లండులో కాపురముంటున్న కూతుర్ని గురించి ఒక తల్లి ఇలా రాశారు: "అమ్మాయీ, అల్లుడూ అక్కడ పాత ఇల్లొకటి కొన్నారు. గోడలకు తిన్నగా రంగు వేయక, ముందు తెల్ల కాగితం అంటిస్తున్నారు. దానిమీద రంగట! ఇది దుబారా కాదా? అమ్మాయికిప్పుడు ఏడో నెల. బిడ్డ గదిలో మూలగా నల్లమచ్చ వుంటే, కాగితం వేస్తే అదీ పోతుందంటున్నారు. మంచిదైతే మన ఇంట్లోనూ చేయించనా?"

దుబారా కాదండీ. ఆ కాగితాన్ని లైనింగు పేపరంటారు. మా మేనల్లుడు అక్కడే వున్నాడు. నేనున్న నాలుగు నెలల్లో రెండు గదులకు అంటించాడు గనుక చూసిందే చెబుతున్నాను. అక్కడ నూరేళ్ళు దాటిన ఇళ్ళలో లోపలి గోడలు చాలావరకు సన్నని చెక్కబద్దలు వరసగా కొట్టి, వాటిమీద సున్నం మెత్తినవి. చెక్క కదిలినప్పుడల్లా పైపూత వెంట్రుకవాసి చీలుతుంది. లప్పం పెట్టి రంగేసినా కొన్నాళ్ళకు ఆ గీత మళ్ళీ తొంగిచూస్తుంది. కాగితం ఆ గీతల్ని కప్పి, రంగుకు నున్నని పీట వేస్తుంది. గుంటల్నీ, గడ్డల్నీ మాత్రం దాచలేదు. వాటికి లప్పం, గరుకు కాగితం తప్పవు.

చుట్ట వెడల్పు 56 సెంటీమీటర్లు, పొడవు సుమారు 10 మీటర్లు. 800 నుంచి 2000 దాకా నంబర్లుంటాయి; నంబరు పెరిగినకొద్దీ మందం. పలచనిది చవకే గాని, తడవగానే చేతిలో చిరుగుతుంది. 1400 రకం వాడుకకు సుఖం.

ముందు గోడకు పలచని జిగురునీళ్ళు పూసి ఆరనిస్తారు. లేకపోతే దాహంగా వున్న గోడ జిగురులోని తడినంతా తాగేస్తుంది. తరువాత కాగితానికి జిగురు రాసి, మడతలు పెట్టి కొద్ది నిమిషాలు పక్కన వుంచుతారు. "ఇంకా ఎందుకురా ఆలస్యం?" అంటే, "తడికి కాగితం సాగుతుందత్తయ్యా! ఆ సాగడమేదో బల్లమీదే కానీ, గోడెక్కాక సాగితే అప్పడంలా పొంగుతుంది" అన్నాడు. అంచుమీద అంచు ఎక్కకూడదు, పక్కపక్కన ఆనాలి. ఎక్కితే రంగు కింద గట్టులా కనబడుతుంది. కనీసం ఒక రోజు ఆరాకే రంగు. తొందరపడి గదిని వేడి చేస్తే అతుకులు విడతాయి.

ఇక ఆ నల్లమచ్చ సంగతి. అది ఊరగాయమీద పట్టే బూజు వంటిదైతే, కాగితంతో పోదు సరిగదా, కాగితాన్నీ జిగురునూ తిని పెరుగుతుంది. రాచ్‌డేలు పట్టణంలో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పసివాడు చనిపోయాడు. ఇంట్లో చాలాకాలం బూజుగాలి పీల్చడమే కారణమని 2022లో విచారణలో తేలింది. బూజు పట్టిందని మొరపెట్టుకున్న తండ్రికి అంతకుముందు దొరికిన సలహా ఏమిటో తెలుసా? దానిమీద రంగు వేసుకోమని! అక్కడి 2023 చట్టంలో చెమ్మ, బూజు ఫిర్యాదుల నిబంధనను ఆ పిల్లవాడి పేరుతోనే పిలుస్తారు.

చెమ్మ ఎటునుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి ఒక ఉపాయముంది. వంటింట్లో వాడే అల్యూమినియం రేకు జానెడు ముక్కను ఆ మచ్చ పక్కన నాలుగంచులా గట్టిగా అంటించి రెండు రోజులు వుంచాలి. పైవైపున నీళ్ళు పడితే, గదిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరవుతున్నదన్నమాట. వంట ఆవిరిని బయటికి పంపాలి, తడిబట్టలు గదుల్లో ఆరేయకూడదు. గోడవైపున తడి వుంటే నీరు గోడలోంచే వస్తున్నది. అప్పుడు చూరుకాలువ చూడాలి, గొట్టాలు చూడాలి.

మన ఇంటికంటారా? వద్దండీ. మనవి ఇటుక గోడలు, బద్దల గోడలు కావు. పైగా వానాకాలం చెమ్మకు కాగితం ఊడుతుంది, చెదలకు విందవుతుంది. పొడి రాలే పాత సున్నం పొరల్ని బాగా గీకించి, గోడ ఆరాక లప్పం పెట్టించండి, చాలు.

అమ్మాయికి మాత్రం ఈ పూటే ఫోను చేయండి. ఆ గదిలో కాగితం పని ఆపి ముందు రేకు అంటించమనండి. గీకడాలు, బూజు తుడవడాలు అల్లుడుగారినే చూసుకోమనండి. ఏడో నెల మనిషి ఆ గదిలోకి పోనవసరం లేదు.