తులాధారుని త్రాసు, విమానపు టిక్కెట్టు

విమానంలో ముందు వరుసలోని విశాలాసనంపై కూర్చున్నవాడు పూర్వజన్మ సుకృతం వలన అక్కడ కూర్చున్నాడనీ, వెనుక మోకాళ్లు ముడుచుకొన్నవాడు తన ప్రారబ్ధాన్ని అనుభవిస్తున్నాడనీ, కనుక టిక్కెట్టు ధరలలో న్యాయాన్యాయ విచారణ నిష్ప్రయోజనమనీ ఒక వాదం మన ఆస్తిక గోష్ఠులలోనే వినవస్తున్నది. వినడానికి వేదాంతం వలె ఉన్నది. నిజానికి అది వేదాంతం కాదు. వర్తకునికి ఉచితంగా లభించిన వకాల్తా.

కర్మసిద్ధాంతం నాకు ప్రాప్తించిన దుఃఖానికి నేను కారణం వెదకుకొనుటకు ఉపదేశింపబడినది. ఇతరులకు నేను కలిగించే దుఃఖానికి సమర్థనగా కాదు. బాధపడినవానికి అది ప్రారబ్ధమే కావచ్చు. బాధపెట్టినవానికి అదే ఆగామి. ధర నిర్ణయించిన చేయి ఈ జన్మలోనిదే కదా! అంతా కర్మయే అన్న మహానుభావుడు తన ఇంట దొంగ పడిన రాత్రి మాత్రం ప్రారబ్ధమని నిద్రపోడు, పోలీసు స్టేషనుకే పరుగెత్తుతాడు.

ముందుగా దోషం లేనిచోట దోషారోపణ చేయరాదు. ఆసనపు అప్‌గ్రేడ్‌లో నాకు అధర్మం కనబడదు. కొందరు ప్రయాణానికి రారన్న అంచనాతో ఉన్న స్థానాలకన్న అధికంగా టిక్కెట్లు అమ్ముట విమాన సంస్థల పరిపాటి. అందరూ వచ్చినప్పుడు, తరచుగా ప్రయాణించే సభ్యులలో కొందరిని పై తరగతికి మారుస్తారు. మిగిలిన పై తరగతి ఆసనాలను వేలం పద్ధతిలో ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. ఎయిరిండియాలోనూ ఆ పద్ధతి కలదు. కాళ్లు చాపుకొని పోవడం ఒక భోగం. భోగానికి కోరి వెల చెల్లించేవాడు చెల్లించుకొంటాడు. ప్రభుత్వం సైతం 2025 సెప్టెంబరు 22 నుండి ఎకానమీ టిక్కెట్టుపై 5 శాతం, పై తరగతులపై 18 శాతం జి.ఎస్.టి. విధిస్తూ ఈ భేదాన్ని పాటిస్తున్నది. తెర అవతలికి చూచి అసూయపడితే అది చూచినవాని మనోమాలిన్యం.

విచారింపవలసినది మరొకటి. ఒకే తరగతి, ఒకే వరుస, ఒకే మంచినీళ్ల సీసా; ఒకనికి 4,000, ప్రక్కవానికి 14,000. ఎందువలన? ఒకే తరగతి ఆసనాలను ఆంగ్లాక్షరాల గుర్తులతో అనేక ధరల శ్రేణులుగా విభజిస్తారు. చౌక శ్రేణి నిండగానే పై శ్రేణి తెరుచుకొంటుంది. ప్రయాణదినం సమీపించేకొద్దీ చౌకవి మూసివేయబడతాయి. దీని గణితం 1972లో బ్రిటిష్ సంస్థ బి.ఓ.ఏ.సి.లో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్ చెప్పినది: రేపు ఎక్కువ ధరకు కొనేవాడు వచ్చే సంభావ్యత నేటి చౌకధరకన్న విలువైనదైతే ఆ ఆసనాన్ని నేడు అమ్మవద్దు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ విద్యను అస్త్రంగా ప్రయోగించినది. అల్పధరలతో పోటీకి వచ్చిన పీపుల్ ఎక్స్‌ప్రెస్ రెండేళ్లలో మరొక సంస్థలో లీనమై అదృశ్యమైపోయినది.

ప్రతిపక్షానికి గట్టి యుక్తి లేకపోలేదు. ఎగిరిపోయిన విమానంలోని ఖాళీ ఆసనం పూర్ణాహుతి అయిన తరువాత వచ్చిన నేతిగిన్నె వంటిది. దానివలన ఎవరికీ ఫలం లేదు. ఆఖరిదినాన కొనేవాడు ఎక్కువ చెల్లించుట వలననే, రెండునెలల ముందు కొన్న విద్యార్థికి చౌకగా లభిస్తున్నదంటారు. అంగీకరిస్తాను. అయితే ఆఖరిదినాన కొనేవాడెవడు? ఒకడు ఒప్పందంపై సంతకం చేయుటకు పోతున్న అధికారి. వాని టిక్కెట్టు కంపెనీ కొంటుంది. మరొకడు తండ్రి పోయినాడన్న వార్త తెల్లవారుజామున విన్నవాడు. యంత్రానికి ఇద్దరూ ఒకటే, ఎంతైనా ఇచ్చేవారు. అక్కడ వెల కట్టబడినది ఆసనానికి కాదు, కాదనలేని నిస్సహాయతకు.

నేను ఆలయార్చకుడను, అపరకర్మలు చేయించేవాడను కాను. అయినా ఇంటిపెద్ద పోయినప్పుడు ఊరివారు ముందు అడిగేది అర్చకుణ్ణే: అబ్బాయి అమెరికా నుండి వచ్చేదాకా దహనం ఆపవచ్చునా, పంతులుగారూ? శాస్త్రం చెప్పి, అవకాశం చెప్పి పంపుతాను. వారి మాటలలో రెండవ వాక్యం ఎప్పుడూ టిక్కెట్టు ధర గురించే. కర్త రాలేక దాయాది చేత తలకొరివి పెట్టించిన ఇళ్లు ఇప్పుడు అరుదు కావు. కారణాలలో సెలవు ఉంటుంది, వీసా ఉంటుంది. ఈ ధర కూడా ఉంటుంది.

మహాభారత శాంతిపర్వంలో వారణాసి వర్తకుడు తులాధారుడు తపస్వియైన జాజలికి ధర్మబోధ చేసినాడు. ఆయన అర్హత ఏమిటి? తన త్రాసు సర్వభూతాల యందు సమంగా ఉండటమే. కౌటిల్యుడు స్వదేశ వస్తువుపై నూటికి 5, విదేశ వస్తువుపై 10 మించి లాభం కూడదన్నాడు. ప్రజలకు పీడ కలిగించే లాభం ఎంత పెద్దదైనా విడువవలసినదేనన్నాడు. కాలం మారినదంటారా? 1937 నాటి విమాన నియమావళిలోని 135వ నియమం కూడా ఖర్చునూ, సహేతుకమైన లాభాన్నీ దృష్టిలో ఉంచుకొనే ధర నిర్ణయించాలన్నది. 2020 మే నుండి 2022 ఆగస్టు వరకు ప్రభుత్వం ధరలకు హద్దులు విధించినది. 2025 డిసెంబరులో ఇండిగో విమానాలు పెద్దసంఖ్యలో రద్దయినప్పుడు 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలకు, 1,500 దాటితే 18,000కు మించరాదన్నది. సంక్షోభంలో చేయగలిగినది సాధారణ కాలంలో అసాధ్యమెట్లా అవుతుంది? అదే ఏడాది కుంభమేళాకు ప్రయాగరాజ్ ధరలు పెరిగినప్పుడు విమానయాన నియంత్రణాధికారులు సంస్థలను అదుపు పాటించమని కోరవలసి వచ్చినది. పుణ్యస్నానానికి పోయేవాడూ యంత్రానికి గిరాకీయే!

'తిరుమలలో 300 రూపాయల దర్శనం లేదా? శ్రీవాణికి 10,000 ఇచ్చినవారికి బ్రేక్ దర్శనం లేదా? అర్చకుడవైన నీకు ఈ మాట తగునా?' అంటారు. తగును. విరాళాన్ని బట్టి సామీప్యం లభించుట నాకు సమ్మతం కాదు. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు ఈ విషయంలో ఆదేశమిచ్చుటకు నిరాకరించి, నిర్ణయాన్ని సమాజానికీ ఆలయాలకూ విడిచినది. ఆ బాధ్యత మనపై ఉన్నది. కాని భేదం గమనించండి. సర్వదర్శనానికి రూపాయి అక్కరలేదు. వైకుంఠ ఏకాదశి సమీపించినదని 300 రూపాయలు 3,000 కావు. బిడ్డకు జబ్బు చేసి మొక్కుకొన్న తల్లి ముఖం చూచి కౌంటరులో ధర మారదు.

కెనడాలో ఎయిర్ కెనడా మరణం సంభవించిన కుటుంబానికి తగ్గింపు ధర ఇస్తున్నది. ఆ తగ్గింపు గురించి తన చాట్‌బాట్ చెప్పిన మాటకు తాను బాధ్యురాలిని కానన్న సంస్థ వాదనను 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ త్రోసిపుచ్చి, ప్రయాణికునికి పరిహారం ఇప్పించినది. ఇక్కడ 2024లోనే, పన్నెండేళ్ల లోపు బిడ్డకు తల్లి లేదా తండ్రి ప్రక్కన స్థానమివ్వాలని మన నియంత్రణాధికారులు ఆదేశించినారు. ఆ ఆదేశం వలన ఏ విమానమూ నేలకు దిగి ఉండిపోలేదు. కనుక నేను అడిగేది ఇంతమాత్రమే: ప్రతి విమానంలో రెండు ఆసనాలు బయలుదేరే వరకు ఆ మార్గపు సగటు ధరకే ఉంచి, మృతాశౌచంలో ఉన్నవారికి ఇవ్వవలెను, మరణధ్రువపత్రం పదిహేను రోజులలో సమర్పిస్తారు, లేనినాడు మిగిలిన సొమ్ము వసూలు చేసుకోవచ్చు. 180 ఆసనాలలో రెండు.