తుఫాను తరువాతి చీకటికీ లెక్క ఉండాలి

తుఫాను ఒక రాత్రిలో వెళ్లిపోతుంది. అది తెచ్చిన చీకటి మాత్రం అందరి ఇళ్లనుంచీ ఒకేసారి తొలగదు. పెద్ద వీధిలో మూడవ రోజుకు దీపాలు వెలుగుతాయి. సందు చివర ఉన్నవారికి వారం దాటినా కొవ్వొత్తులే గతి. ఈ తేడా విధివశాత్తు వచ్చినదా, వివక్ష వల్ల వచ్చినదా, లేక మన అశ్రద్ధకు ఫలితమా? తీరప్రాంతంలో నివసించే ప్రతి పేద బస్తీ ఈ ప్రశ్నకు నిజాయితీగా సమాధానం వెతుక్కోవాలి.

మాది కోస్తాలో ఒక చిన్న పట్టణం. కొన్నేళ్ల క్రితం వచ్చిన తుఫానులో మా మొహల్లాకు ఎనిమిది రోజులు విద్యుత్తు లేదు. దాదాపు రెండు వందల గడపలు. మోటారు తిరగక మస్జిద్ ట్యాంకు ఎండిపోయింది. వుజూ మాట అటుంచి, తాగడానికే బిందెలతో అర కిలోమీటరు నడిచారు ఆడవాళ్లు. మిషను కుట్టి బతికే కుటుంబాలకు పని పోయింది. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డ చుట్టి మట్టికుండలో దాచుకున్నారు. మా పక్కింటి ఖాలాకు ఉబ్బసం. నెబ్యులైజర్ పనిచేయక, నాలుగో రాత్రి ఆమెను ఆటోలో వేసుకుని జనరేటరు ఉన్న ఆసుపత్రి కోసం ఊరంతా తిరిగాము. ఆమె బతికింది. ఆ రాత్రి గంటసేపు మాత్రం ఆ నమ్మకం మాకెవరికీ లేదు.

ఆరవ రోజు నేను విద్యుత్ సెక్షన్ కార్యాలయానికి వెళ్లాను. మమ్మల్ని కావాలనే చివరికి నెట్టారని కోపంగా అడిగాను. అక్కడి ఉద్యోగి కోప్పడలేదు. రిజిస్టరు నా ముందుకు జరిపి, "సాయిబు గారూ, మీ వీధి నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో మీరే చూడండి" అన్నాడు. రెండు వందల గడపల నుంచి ఆరు రోజుల్లో వచ్చిన ఫిర్యాదులు మూడు. వాటిలో రెండింటికి సర్వీసు నంబరు లేదు. మూడవదానిలో వీధి పేరు తప్పు.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ని. ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కని బాధ ప్రభుత్వం దృష్టిలో జరగని బాధేనని నాకు తెలిసినంతగా మా బస్తీలో ఇంకెవరికీ తెలియదు. అయినా ఆ ఆరు రోజులూ నేను కూడా అరుగు మీద కూర్చుని అందరితో పాటు తిట్టుకున్నానే గాని, ఒక్క కాగితం రాయలేదు.

ఇంతకంటే సిగ్గుపడవలసినది ఏడవ రోజు జరిగింది. పక్క వీధిలో పనిచేస్తున్న మరమ్మతు బృందానికి "ఖర్చులకు" ఏదైనా ఇస్తే ముందుగా మా వైపు వస్తారని ఎవరో చెప్పారు. ఇంటికి యాభై రూపాయల చొప్పున పోగుచేశారు. నా యాభై కూడా అందులో ఉంది. మరునాడు మాకు వెలుగు వచ్చింది. ఆ బృందం నిజానికి ఆ రోజు వెళ్లవలసినది మా వెనుక ఉన్న మత్స్యకారుల పేటకు. వారికి ఇంకొక రాత్రి చీకటి మిగిలింది. రేషను కార్డు పనిమీద నా దగ్గరకు వచ్చే ఆ పేట పెద్దమనిషి ఒకరు తరువాత నన్ను అడిగారు: "సాయిబు గారూ, మా వంతు మీరు కొనుక్కున్నారట, నిజమేనా?" నేను జవాబు చెప్పలేకపోయాను. మాకు జరిగిందని మేము ఏడ్చిన అన్యాయాన్నే మేము ఇంకొకరికి చేశాము. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

విద్యుత్ పునరుద్ధరణకు ఒక వరుస ఉంటుంది. అది అవసరమైనదే. ముందుగా 33 కె.వి. లైన్లు, సబ్‌స్టేషన్లు సరిచేస్తారు. ఆ తరువాత 11 కె.వి. ఫీడర్లు, వాటిపై ఆధారపడిన ట్రాన్స్‌ఫార్మర్లు, చివరగా వీధి స్తంభాల మీది లైన్లు, ఇంటింటి సర్వీసు వైర్లు. ఆసుపత్రులకు, మంచినీటి పథకాలకు, సెల్ టవర్లకు మొదటి స్థానం ఇస్తారు. ఒక స్తంభం నిలబెడితే వెయ్యి ఇళ్లకు వెలుగు వచ్చే చోటును వదిలి, నలభై ఇళ్ల సందుకు ముందు రమ్మనడం న్యాయం కాదు. ఫీడరు చివర ఉన్నవారు చివరికి మిగలడంలో ఇంజనీరు దురుద్దేశం ఉండనవసరం లేదు.

కాని ఫీడరు చివర ఎవరున్నారు, ఎందుకున్నారు అని కూడా అడగాలి. ఊరికి దూరంగా, చెరువుగట్టున, కాలువ పక్కన, స్మశానం వెనుక ఇల్లు కట్టుకున్నది ఎవరు? ముస్లింల మొహల్లాలు, దళితవాడలు, మత్స్యకారుల పేటలు చాలా ఊళ్లలో అక్కడే ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ పెట్టాలి, పాత తీగ ఏ వీధిలో మార్చాలి, ఒరిగిన స్తంభాన్ని ఏ సంవత్సరం నిలబెట్టాలి అన్నవి తుఫాను రోజున తీసుకునే నిర్ణయాలు కావు. ప్రశాంతంగా ఉన్న సంవత్సరాల్లో ఆఫీసు బల్లల మీద తీసుకునేవి. గాలి కొత్తగా ఎవరినీ చివరికి నెట్టదు. అప్పటికే చివర నిలబెట్టినవారిని చూపిస్తుంది.

మన తీరానికి తుఫాను అనుకోని అతిథి కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది, 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరులో ఉద్దానం తోటలను నేలకూల్చిన తిత్లీ, 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం చేరిన మిచౌంగ్, ఈ పేర్లు మన ఇళ్లలో పిల్లలకు కూడా తెలుసు. నేడు వాతావరణ శాఖ తుఫాను దారిని కొన్ని రోజుల ముందే చెబుతోంది. రోజుల ముందే తెలిసిన విపత్తును హఠాత్తుగా వచ్చినదని ఏ సంస్థా చెప్పుకోజాలదు. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, బయటి జిల్లాల బృందాలు ఎక్కడ సిద్ధంగా ఉండాలో ముందే నిర్ణయించవచ్చు. ప్రధాన కేంద్రాల్లో ఇది జరుగుతోంది కూడా. హుద్‌హుద్ తరువాత ప్రపంచ బ్యాంకు సహాయంతో విశాఖలో భూగర్భ విద్యుత్ కేబుళ్ల పని చేపట్టారు. మంచిదే. అయితే భూగర్భ కేబులుకు ఖర్చు ఎక్కువ. అది అన్ని ఊళ్లకూ త్వరలో రాదు. చిన్న పట్టణాల చివరి వీధులకు కావలసింది ఏటా వేసవిలో కొమ్మలు కొట్టడం, తుప్పు పట్టిన స్తంభాలు మార్చడం, వదులైన తీగలు బిగించడం. తక్కువ ఖర్చుతో అయ్యే ఈ పనుల్లోనే మన వీధులు వాయిదా పడుతూ ఉంటాయి.

చట్టం ఏమంటోంది? విద్యుత్ చట్టం, 2003లోని 57వ సెక్షను ప్రకారం నియంత్రణ మండలి సేవా ప్రమాణాలను నిర్ణయిస్తుంది. వాటిని పాటించని సంస్థ నష్టపోయిన వినియోగదారునికి పరిహారం చెల్లించాలి. 2020 డిసెంబరు చివరలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలను కూడా ప్రకటించింది. 42వ సెక్షను కింద ప్రతి పంపిణీ సంస్థకూ ఫిర్యాదుల పరిష్కార వేదిక, దానిపై అంబుడ్స్‌మన్ ఉన్నారు. వకీలు లేకుండానే సామాన్యుడు ఈ వేదిక ముందుకు వెళ్లవచ్చు.

ఇక్కడే ఒక మినహాయింపు ఉంది. తుఫాను, వరద, భూకంపం వంటివి వచ్చినప్పుడు ఈ ప్రమాణాల గడువులు వర్తించవని నిబంధనలు చెబుతాయి. గంటకు నూట యాభై కిలోమీటర్ల గాలికి స్తంభం కూలితే దానికి జరిమానా కోరడం నాకూ సమ్మతం కాదు. కాని ఆ మినహాయింపుకు హద్దు ఉండాలి. స్తంభం కూలినందుకు గాలిని నిందించవచ్చు. ఎనిమిది రోజులపాటు "మీ వంతు ఎప్పుడు" అని అడిగినవారికి సమాధానం ఇవ్వనందుకు కూడా గాలినే నిందించవచ్చునా? తీగ తెగడం ప్రకృతి చేసిన పని. సమాచారం ఇవ్వకపోవడం, వరుస తప్పడం మనుషులు చేసిన పనులు. మినహాయింపు మొదటిదానికే పరిమితం కావాలి.

కనుక నియంత్రణ మండలి ముందు మనం పెట్టవలసిన కోరికలు పెద్దవి కావు. మొదటిది: తుఫాను వెళ్లిన 24 గంటల్లో ప్రతి సెక్షన్ కార్యాలయం బయటా, వార్డు సచివాలయం లేదా పంచాయతీ గోడ మీదా ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా పునరుద్ధరణ వరుసను తెలుగులో అతికించాలి, రోజూ సవరించాలి. వరుస గోడమీద ఉంటే యాభై రూపాయలకు దాన్ని మార్చడం ఎవరికీ సాధ్యం కాదు. రెండవది: ఆక్సిజన్ యంత్రం, నెబ్యులైజర్ మీద ఆధారపడిన రోగుల జాబితా ముందుగానే ఉండాలి. వారి ఇంటికి వెలుగు రావడం ఆలస్యమైతే వారిని జనరేటరు ఉన్న చోటికి చేర్చే బాధ్యత ఎవరిదో రాసి ఉండాలి. మూడవది: పని ముగిసిన తరువాత ఏ ట్రాన్స్‌ఫార్మరు ఎన్ని రోజులు ఆగిందో ప్రకటించాలి. ఆ లెక్క బయటికి వస్తే ఎప్పుడూ చివర మిగిలే వీధులు ఏవో తేలిపోతాయి. అప్పుడు వివక్ష ఉంటే అది రుజువవుతుంది. లేకపోతే మన అనుమానం తీరుతుంది. రెండూ మనకు మేలే.

ఇక మన వైపు చూసుకుందాం. చీకటిలో తీగల మీద పనిచేసే లైన్‌మన్‌కూ ఇల్లూ వాకిలీ ఉన్నాయి. వారిలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవారు. నాలుగు రోజులు నిద్రలేని మనిషిని బూతులు తిట్టి, బండిని అడ్డగించి సాధించేదేమీ లేదు. అంతకంటే ఘోరమైన పొరపాటు మనకు తెలియకుండానే చేస్తున్నాం. అద్దెకు తెచ్చిన జనరేటరును మెయిన్ స్విచ్ ఆపకుండా ఇంటి వైరింగుకు తగిలిస్తే ఆ కరెంటు వెనక్కి పారుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తిరగేసి 11,000 వోల్టులుగా మార్చగలదు. లైను ఆపి ఉందన్న నమ్మకంతో స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం అక్కడే పోవచ్చు. మన ఇంట్లో ఒక్క ఫ్యాను తిరగడానికి ఇంకొకరి ఇంట్లో జనాజా లేవకూడదు. చేంజ్‌ఓవర్ స్విచ్ లేకుండా మస్జిద్‌లో గాని, షాదీఖానాలో గాని, ఇంట్లో గాని జనరేటరు తగిలించరాదు.

కొక్కేలు వేసి దొంగ కరెంటు వాడే ఇళ్లు మా బస్తీలోనూ ఉన్నాయి. పేదరికాన్ని చూపి నేను దాన్ని సమర్థించను. కొక్కెం ఉన్న వీధి మనుషులు ఫిర్యాదు రాయడానికి భయపడతారు. మా రిజిస్టరులో మూడే ఫిర్యాదులు ఉండడానికి అదీ ఒక కారణం. 43వ సెక్షను ప్రకారం ఇంటి యజమానే కాక, అందులో నివసించే వ్యక్తి కూడా కనెక్షను కోరవచ్చు. సొంత పట్టా లేదని వెనుకాడనవసరం లేదు. దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి.

ఆ తుఫాను తరువాత మా బస్తీలో ఒక నోటుపుస్తకం పెట్టాము. ప్రతి ఇంటి సర్వీసు నంబరు, దగ్గరి స్తంభం నంబరు, ట్రాన్స్‌ఫార్మరు పేరు, రోగులున్న ఇళ్లు అందులో రాశాము. పదో తరగతి, ఇంటర్ చదివే అమ్మాయిలు రెండు జుమాల మధ్య ఈ పని పూర్తిచేశారు. దాని నకలును సెక్షన్ కార్యాలయంలో ఇచ్చి, మా ప్రతిమీద ముద్ర వేయించుకున్నాము. కరెంటు పోతే 1912కు ఎవరు ఫోను చేయాలో, ఫోను పనిచేయకపోతే కాగితం ఎవరు తీసుకువెళ్లాలో, ఫిర్యాదు నంబరు ఎవరు రాసుకోవాలో నిర్ణయించుకున్నాము. మస్జిద్ జనరేటరు మీద మొదట నీళ్ల మోటారు, తరువాత రోగుల యంత్రాలు, ఆ తరువాతే ఫోన్ల చార్జింగు అని కమిటీ తీర్మానించింది. ఆ నీళ్లు మా మొహల్లాకే కాదు, వెనుక పేటకు కూడా.

నోటుపుస్తకం పట్టుకుని ఆ పేటకు నేనే వెళ్లాను. నన్ను ప్రశ్నించిన పెద్దమనిషి అరుగు మీదే కూర్చుని వారి ఇళ్ల వివరాలు కూడా రాసుకున్నాము. ఇప్పుడు రెండు వాడలకూ ఒకే పుస్తకం. ఈసారి వంతు కొనుక్కోబోమని ఆయనకు మాట ఇచ్చాను. దాన్ని నిలుపుకోవడం నా ఒక్కడి వల్ల కాదు. గోడమీద వరుస కనిపించిన రోజున, ప్రతి వీధి తన ఫిర్యాదు నంబరు చేతిలో పట్టుకుని నిలబడిన రోజున అది సాధ్యమవుతుంది. అక్టోబరు, నవంబరు నెలలు ప్రతి ఏడూ వస్తాయి. పుస్తకం రాయడానికి మాత్రం ఈ నెలే మంచిది.